నిలిచియుండడం అంటే కాపురం ఉండడం

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ చెప్పుకునే మాటల్లో ఇదొకటి: "ఈ మధ్య ఆత్మీయంగా చల్లారిపోయానండీ." అవతలివాళ్ల జవాబు కూడా దాదాపు ఖాయం. "ప్రార్థన పెంచండి, ఒక మూడు రోజులు ఉపవాసం ఉండండి, ప్రభువులో నిలిచి ఉండండి." మొదటి రెండింటికీ ఒక లెక్క ఉంది. ఎన్నింటికి లేవాలో, ఏ పూట భోజనం మానాలో తెలుస్తుంది. మూడోది విని తలూపి ఇంటికి వెళ్లిపోతాం. అది ఎలా చేయాలో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

యేసు తనను ద్రాక్షావల్లితో, శిష్యుల్ని దాని తీగెలతో పోల్చి, తనలో నిలిచి ఉండమన్నది యోహాను సువార్త 15వ అధ్యాయంలో. నేను సండే స్కూల్లో పిల్లలకు ఆ అధ్యాయం కంఠతా పట్టించే రోజుల్లో ఒక పిల్ల లేచి అడిగింది: "అన్నయ్యా, తీగె ఎలా నిలబడుతుంది? అది పాకుతుంది కదా?" అందరం నవ్వేశాం. తర్వాత ఆలోచిస్తే, మనలో చాలామందికి ఉన్న తికమక ఆ పిల్ల ప్రశ్నలోనే ఉంది. "నాయందు నిలిచియుండుడి" అని చదవగానే మనకు కనపడేది కిక్కిరిసిన బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషి. చెయ్యి వదిలితే పడిపోతాడు, కాళ్లు నొప్పి పుడుతున్నా బిగపట్టుకోవాలి. క్రైస్తవ జీవితం అంటే అలా బిగపట్టుకోవడమే అనుకుని ఏళ్ల తరబడి టెన్షన్‌తో బతికేవాళ్లు నాకు తెలుసు. కొంతకాలం నేనూ వాళ్లలో ఒకణ్ణి.

అక్కడ గ్రీకులో ఉన్న క్రియ 'మెనో'. దానికి నిలబడడంతో సంబంధం లేదు. ఉండిపోవడం, బస చేయడం, వచ్చిన చోటి నుంచి కదలకపోవడం దాని అర్థం. ఇది తెలుసుకోవడానికి గ్రీకు పండితుల దగ్గరికి వెళ్లనక్కర్లేదు, మన పాత తెలుగు బైబిలే చెబుతుంది. అదే సువార్త మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులిద్దరు యేసు వెనకాలే నడుస్తూ ఉంటారు. ఆయన వెనక్కి తిరిగి ఏం కావాలని అడిగితే వాళ్లు వేసిన ప్రశ్న, "రబ్బీ, నీవు ఎక్కడ కాపురమున్నావు?" ఆ 'కాపురమున్నావు' గ్రీకులో ఇదే క్రియ. తర్వాతి వచనంలో వాళ్లు ఆ రోజు ఆయన దగ్గర 'బసచేసిరి'. అదీ ఇదే. 15వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ క్రియనే 'నిలిచియుండుట' అన్నారు. అనువాదకుల్ని తప్పుపట్టడం లేదు, తీగె కాపురం చేస్తుందని రాస్తే బాగోదు. కానీ ఆ మూడు మాటలకూ మూలం ఒకటేనని తెలిశాక ఈ అధ్యాయం వేరేగా వినపడుతుంది. నాలుగో వచనం నుంచి పదో వచనం దాకా, అంటే ఏడు వచనాల్లో, ఈ క్రియ గ్రీకులో 10 సార్లు వస్తుంది. యేసు అంతగా నొక్కి చెప్పింది కాపురం గురించి.

కాపురం అనే మాట మనకు కొత్త కాదు. పెళ్లి ఒక్కరోజు హడావిడి, కాపురం రోజూ ఉండేది. అందులో పండగలు ఉంటాయి, పప్పు మాడిన రోజులూ ఉంటాయి, మాటా మాటా అనుకుని అలిగి పడుకున్న రాత్రులూ ఉంటాయి. అవేవీ కాపురం అయిపోయిందనడానికి గుర్తులు కావు. మన సభలు, ఉజ్జీవ కూటాలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన పెళ్లి లాంటివి. వాటి మీద నాకేమీ ఫిర్యాదు లేదు. జనవరి 3వ తేదీన ఏం జరుగుతుందన్నదే ఈ అధ్యాయం పట్టించుకునే సంగతి.

యేసు ఈ మాటలు ఏ పూట చెప్పాడో కూడా చూడాలి. సిలువకు ముందు రాత్రి. ఆయన్ని అప్పగించబోయే ఇస్కరియోతు యూదా అప్పటికే లేచి చీకట్లోకి వెళ్లిపోయాడు. మిగిలిన పదకొండుమంది ఇంకొన్ని గంటల్లో చెదిరిపోతారని ఆయనే చెప్పాడు. పేతురు కోడి కూసేలోపు ముమ్మారు ఎరగనంటాడనీ చెప్పాడు. పారిపోబోతున్నవాళ్లని తెలిసి తెలిసి 'నాయందు ఉండండి' అన్నాడు. కాబట్టి ఈ ఆజ్ఞ ఎప్పుడూ జారిపడని వీరుల కోసం ఇచ్చింది కాదు. పడిపోయిన పేతురుకు 21వ అధ్యాయంలో ఒడ్డున నిప్పులు, చేపలు సిద్ధం చేసి పెట్టినవాడే ఈ మాట అన్నాడు.

ఇక ద్రాక్షావల్లి ఎందుకు? ఇశ్రాయేలీయులకు అది తమ జాతి గుర్తు. ఐగుప్తు నుంచి తెచ్చి నాటిన ద్రాక్షావల్లి అని 80వ కీర్తన పాడింది. మంచి ద్రాక్షలు కాయాలని తోట వేస్తే అది కారుద్రాక్షలు కాచిందని యెషయా 5వ అధ్యాయం ఏడ్చింది. యెరూషలేములో హేరోదు కట్టించిన దేవాలయ ద్వారం మీద బంగారు ద్రాక్షతీగె ఉండేదనీ, దాని గుత్తులు మనిషెత్తున వేలాడేవనీ ఆ మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. అలాంటి ఊళ్లో కూర్చుని "నేను నిజమైన ద్రాక్షావల్లిని" అనడం చిన్న మాట కాదు. 'నిజమైన' అన్న చోట వినేవాళ్లు ఒక్కక్షణం ఆగే ఉంటారు.

కానీ ఈ పోలిక పూర్తిగా అర్థం కావాలంటే తోటలోకి వెళ్లాలి. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లకు పెద్ద పేరు. నేను శివార్లలో ఒక పందిరి తోట చూడడానికి వెళ్లింది అక్టోబరులో, సరిగ్గా కత్తిరింపుల సమయానికి. పందిరి కింద నేలంతా కోసిపడేసిన తీగెలు. పైన పందిరి ఇనుప తీగలకు అంటుకుని గోధుమరంగు కాడలు మిగిలాయి, తోట దోపిడీకి గురైనట్టుంది. దగ్గరికెళ్లి చూస్తే ప్రతి కాడ కొన నుంచీ నీళ్లు చుక్క చుక్కగా కారుతున్నాయి. ఒక చుక్క నా చొక్కా మీద పడింది. చెట్టు ఏడుస్తోందా అన్నాను. తోటాయన కత్తెర ఆపకుండానే, "వేరు పని చేస్తోందని గుర్తు సార్. నీళ్లు రాకపోతేనే భయం" అన్నాడు.

మన దక్కన్ వైపు ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కాపు అయిపోయాక ఏప్రిల్‌లో ఒకసారి వెనక్కంటా కోస్తారు. అప్పుడు వచ్చిన కొత్త రెమ్మల మీద అక్టోబరులో రెండోసారి, ఈసారి పండు కోసం. అక్టోబరులో కాడకు ఇన్ని కళ్లు, అంటే చిగురు వచ్చే మొగ్గలు, ఉంచాలని లెక్కపెట్టి కోస్తారు. ఎందుకంటే గుత్తి అప్పటికే ఆ కన్నులో ఉంది. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత, మండే ఎండల్లో, ఆకులు తప్ప ఏమీ కనపడని రోజుల్లోనే ఏ కన్ను కాస్తుందో ఏది వట్టి రెమ్మగా పోతుందో లోపల తేలిపోతుంది. మనం గుత్తిని చూసేది నెలల తర్వాత. ఈ సంగతి విన్నప్పటి నుంచి "నాలో ఎదుగుదల కనపడడం లేదండీ" అన్నవాళ్లకు గబుక్కున సలహా చెప్పడం మానేశాను. అది వాళ్ల ఏప్రిలో, అక్టోబరో నాకేం తెలుసు?

అక్కడే గమనించిన ఇంకో సంగతి. పొద్దున కోసిన తీగెలు సాయంత్రానికి కూడా పచ్చగానే ఉన్నాయి. నేల మీద పడున్న ఆకును, పందిరి మీద ఉన్న ఆకును పక్కపక్కన పెడితే నేనైతే తేడా చెప్పలేకపోయాను. తెగిపోయినా కొంతసేపు పచ్చదనం ఉంటుంది, లోపల దాచుకున్న నీళ్లతో నడిచిపోతుంది. క్వయర్‌లో పాడుతూ, వాట్సాప్‌లో రోజూ వాక్యం పంపుతూ, కమిటీల్లో చురుగ్గా తిరుగుతూ కూడా మనిషి లోపల ఎండిపోతూ ఉండొచ్చు. ఇది ఎవరి గురించో కాదు, పాటల పుస్తకం చేతిలో పట్టుకునే నేను ఒక ఏడాది అలా గడిపాను.

సరే, తీగె పని ఏమిటి? ఇక్కడే అసలు ముడి పడుతుంది. "నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు" అన్నది ఒక పక్క. 'నిలిచియుండుడి' అన్న ఆజ్ఞ ఇంకో పక్క. ఏమీ చేయలేనివాణ్ణి ఫలానాది చెయ్యమనడం ఏమిటి? పైగా నిజం తీగెకు ఉండాలా వద్దా అనే ఆలోచనే ఉండదు. పోలిక ఇక్కడ కొంచెం వంగుతుంది, యేసు కావాలనే వంచాడు. మనం ఇష్టం ఉన్న తీగెలం. ఫలించమని ఆయన ఎక్కడా ఆజ్ఞాపించలేదు, గమనించండి. ఆజ్ఞ ఉండడం గురించే. ఫలించడం ఆ ఉండడం వల్ల జరిగేది.

ఈ ముడి విప్పుకోవడానికి అవస్థ పడ్డవాళ్లలో హడ్సన్ టేలర్ ఒకడు. చైనాకు వెళ్లిన ఇంగ్లీషు మిషనరీ. 1869 నాటికి పని భారం, తనలోని కోపం, అపజయాల లెక్క అన్నీ కలిసి ఆయన్ని నలిపేశాయి. ప్రార్థించాడు, ఉపవాసాలున్నాడు, తీర్మానాలు చేసుకున్నాడు. ఏదీ నిలవలేదు. అప్పుడు తోటి మిషనరీ జాన్ మెకార్తీ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. విశ్వాసం పెంచుకోవాలని పెనుగులాడడం కాదు, నమ్మదగినవాడి మీద ఆనుకోవడం అన్నది దాని సారాంశం. ఆ తర్వాత టేలర్ తన చెల్లెలికి రాస్తూ ఒక సంగతి చెప్పాడు: ఇన్నాళ్లూ ద్రాక్షావల్లి నుంచి సారాన్ని ఎలా లాక్కోవాలా అని చూశాను, కానీ వల్లి అంటే వేరు మాత్రమే కాదు, వేరు, కాండం, కొమ్మలు, ఆకులు, పూలు, పండు అన్నీ.

తెలుగువాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా తెలియాలి. 'వల్లి' అన్నా 'తీగె' అన్నా మనకు ఒకటే కదా, ఒకటి సంస్కృతం, ఇంకొకటి తెలుగు. "ద్రాక్షావల్లిని నేను, తీగెలు మీరు" అని చదివినప్పుడు అక్కడ రెండు వేర్వేరు వస్తువులు లేవు. వల్లిలో భాగం కాని తీగె ఉండదు. సంబంధం సంపాదించుకోవడానికి పాట్లు పడడం వేరు, ఉన్న సంబంధంలో ఉండడం వేరు. మొదటిది కూలిపని. రెండోది కాపురం.

అలాగని చేతులు కట్టుకు కూర్చోమని కాదు. కాపురానికీ పనులుంటాయి. యేసు ఇక్కడే రెండు మూడు చెప్పాడు. ఏడో వచనంలో, ఆయన మాటలు మనలో ఉండాలి. రోజుకు మూడు అధ్యాయాలు పూర్తిచేసి టిక్కు పెట్టుకోవడం మంచి అలవాటే, కానీ అక్కడి క్రియ 'చదవడం' కాదు. మాట కాపురం ఉండాలి. మా నాయనమ్మకు అక్షరాలు రావు. రాత్రి అన్నం తిన్నాక నాతో ఒక్క వచనం చదివించుకునేది. ఇంకోటి చదవబోతే, "చాల్లేరా, ఇది అరగనీ" అనేది. మర్నాడు మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ అదే వచనాన్ని తనలో తాను తిప్పుకుంటూ ఉండేది. ఒక్కోసారి సగంలో ఆగి, "ఆ మాట అలా ఎందుకన్నాడంటావ్?" అని పెరట్లోంచి కేకేసేది.

అదే ఏడో వచనంలో రెండో సగం మనవాళ్లకు బాగా ఇష్టం: "మీకేది యిష్టమో అడుగుడి, అది మీకు అనుగ్రహింపబడును." క్యాలెండర్ మీద, వాగ్దానం కార్డు మీద ఇదొక్కటే అచ్చవుతుంది. మొదటి సగాన్ని ఎవరు కత్తిరించారో గానీ, అది మొదటి వచనంలోని వ్యవసాయకుడి, అంటే తండ్రి, కత్తిరింపు మాత్రం కాదు. "నాయందు మీరును మీయందు నా మాటలును" ఉంటే అన్నది షరతు. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు అడిగే కోరికలు కొత్తగా వచ్చిన చుట్టాలు అడిగే వాటిలా ఉండవు. ఆ ఇంటి సంగతి తెలిసి అడుగుతారు. ఈ వచనాన్ని ఖాళీ చెక్కుగా చూపించి కానుకలు అడిగే ప్రసంగాలు విన్నప్పుడు నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోను.

మూడోది తొమ్మిది నుంచి పన్నెండో వచనం దాకా ఒక చక్రంలా తిరుగుతుంది. నా ప్రేమలో ఉండండి. ఎలా? నా ఆజ్ఞలు గైకొంటే. ఏమిటా ఆజ్ఞ? ఒకరినొకరు ప్రేమించండి. అంటే ఆయనలో ఉండడానికి దారి పక్కవాడి మీదుగా పోతుంది. పైగా "తీగెలు మీరు" అన్నది బహువచనం. ఒంటరి తీగె అనే ఊహ ఈ అధ్యాయంలో లేదు. యూట్యూబ్‌లో ప్రసంగాలు వింటూ నాకు సంఘం అక్కర్లేదనుకునేవాళ్ల ఇబ్బంది ఇక్కడే. ప్రసంగాలు మంచివే, కానీ మనల్ని విసిగించే మనిషి స్క్రీన్‌లో ఉండడు. సంఘంలో ఉంటాడు, అదీ మన పక్క కుర్చీలోనే.

ఈ అనుబంధం దేని ద్వారా అందుతుందన్న దగ్గర సంఘాల మధ్య తేడాలున్నాయి. కథోలికులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి, పెద్ద చోటిస్తారు. యోహాను 6:56లో నా శరీరం తిని నా రక్తం తాగేవాడు నాలో ఉంటాడన్న చోట ఉన్నది ఇదే క్రియ కాబట్టి వాళ్ల మాటకు ఆధారం ఉంది. బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలవాళ్లు వాక్యం, ప్రార్థన అంటారు. ఏడో వచనం వాళ్ల వైపు ఉంది. ఇందులో ఒకరు గెలవాలని నాకనిపించదు.

కష్టమైన వచనాలు రెండున్నాయి. రెండో వచనంలో ఫలించని తీగెను "తీసి పారవేయును" అన్న చోట గ్రీకు మాటకు పైకెత్తడం అనే అర్థం కూడా ఉంది. నేల మీద పడ్డ తీగెను ఎత్తి పందిరికి కడతాడని కొందరు బోధకులు చెబుతారు. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. మాట వరకు అది సాధ్యమే, కానీ ఆరో వచనంలో పారవేయడం, ఎండడం, కాలడం వరసగా వస్తుంటే రెండో వచనాన్ని అంత మెత్తగా చదవడం నా వల్ల కాలేదు. ఆ ఆరో వచనం చదివి రక్షణ పోతుందా అని భయపడేవాళ్లున్నారు. నిజమైన విశ్వాసి ఎన్నటికీ తెగిపోడని సంఘ సంస్కర్త కాల్విన్ దారిలో నడిచేవాళ్లు, తెగిపోయే ప్రమాదం నిజమేనని మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ దారివాళ్లు శతాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. నేను గమనించింది ఇంతే: యేసు ఆ మాట అన్నప్పుడు గదిలోంచి లేచి వెళ్లిపోయిన ఒక మనిషి ఖాళీ చోటు అందరికీ గుర్తుండే ఉంటుంది. చల్లారిపోయానని బాధపడే మనిషిని, లేచి వెళ్లిపోయినవాణ్ణి ఒక గాటన కట్టకూడదు. బాధ ఉందంటే, తోటాయన చెప్పినట్టు, ఇంకా నీళ్లు కారుతున్నాయన్నమాట.

కత్తిరింపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎవరింట్లోనైనా చావో, జబ్బో, ఉద్యోగం పోవడమో జరిగితే వెళ్లి, "దేవుడు మిమ్మల్ని కత్తిరిస్తున్నాడు" అని చెప్పొచ్చే అలవాటు మనకుంది. కానీ గ్రీకులో రెండో వచనంలో ఫలించే తీగెకు మరింత ఫలించాలని చేసే కత్తిరింపుకూ, మూడో వచనంలోని 'పవిత్రులు' అన్న దానికీ ధాతువు ఒకటే. తెలుగులో ఆ పోలిక పోయింది. "నేను మీతో చెప్పిన మాటనుబట్టి" అన్నాడు కాబట్టి కత్తెర ఏదో ఆ వచనంలోనే ఉంది: ఆయన మాట. శ్రమల ద్వారా దేవుడు నేర్పడని నేననను, హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం ఉంది. అది ఆ మనిషి తనకు తాను తెలుసుకోవాల్సిన సంగతి. శవం ఇంకా వాకిట్లో ఉండగా పక్కింటివాళ్లు చెప్పేది కాదు.

అనుభూతుల సంగతికొస్తే, మదర్ థెరిసా చనిపోయిన పదేళ్లకు, 2007లో, ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. లోకమంతా ఆమె ముఖంలో దేవుణ్ణి చూసిన ఏళ్లలో, దాదాపు యాభై ఏళ్లపాటు, ఆమెకు లోపల చీకటి తప్ప ఏమీ తెలియలేదని వాటిలో ఉంది. చదివి కొందరు షాకయ్యారు, ఇదంతా నటనా అన్నారు. ఆమె మాత్రం పొద్దున్నే లేచి ప్రార్థనకు వెళ్తూనే ఉంది, కలకత్తా వీధుల్లోకి వెళ్తూనే ఉంది. దేవుడు దగ్గరున్నట్టు తోచడమూ, దగ్గర ఉండడమూ ఎప్పుడూ ఒకే చోట కనపడవు.

చివరికి పండు ఏమిటన్నది. ఎంతమందికి సువార్త చెప్పాం, సంఘం ఎంత పెరిగింది, ఎన్ని సభలు పెట్టాం అన్న లెక్కలే పండుగా చెలామణీ అవుతుంటాయి. గలతీ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు రాసిన తొమ్మిదింటిలో ప్రేమ, దీర్ఘశాంతం, దయాళుత్వం, ఆశానిగ్రహం లాంటివే ఉన్నాయి, మైకు ముందు కనపడేది ఒక్కటీ లేదు. అవి ఉన్నాయో లేదో పాస్టరు అయ్యగారి కంటే ఇంట్లో వాళ్లకు బాగా తెలుస్తుంది. యోహాను తన మొదటి పత్రికలో ఇంకా నేలమీదికి తెచ్చాడు: తనకు బతకడానికి కావలసింది ఉండి కూడా, ఏమీ లేని సహోదరుణ్ణి చూసి మనసు మూసుకునేవాడిలో దేవుని ప్రేమ ఎలా నిలుస్తుంది అని. అక్కడ 'నిలుచును' అన్నది కూడా మెనోయే.

ఆ మొదటి అధ్యాయంలోని ఇద్దరి దగ్గరికి మళ్లీ వెళ్తాను. వాళ్లు వెళ్లి ఆయన కాపురమున్న చోటు చూశారు, ఆ రోజుకు అక్కడే ఉండిపోయారు. అప్పుడు పగలు దాదాపు నాలుగు గంటలైందని సువార్త రాసినాయన గడియతో సహా గుర్తుపెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఏం మాట్లాడుకున్నారో, ఏం తిన్నారో, ఏదైనా దర్శనం కలిగిందో లేదో ఒక్క ముక్క రాయలేదు. వాళ్లలో ఒకడైన అంద్రెయ అక్కడి నుంచి బయటికి వచ్చి ఏం చేశాడో మాత్రం రాశాడు. ముందుగా తన తోడబుట్టినవాడు సీమోను ఎక్కడున్నాడో వెతుక్కుంటూ వెళ్లాడు.